పచ్చగీత దాటని చప్పుడు

మీటరాయన వేళ్లు చప్పుడు పెంచి తగ్గించే ఫేడరు మీద ఉన్నాయి. తెర మీద ఒకావిడ తెల్లచొక్కాను వెలుతురుకు ఎత్తిపట్టి సబ్బుపొడి కోసం గొంతు చించుకుంటోంది. ఆయన ఆవిడనూ చూడటం లేదు, చొక్కానూ చూడటం లేదు. తెర పక్కన నిలువుగా పెరుగుతూ తరుగుతూ ఉండే రంగుల పట్టీని చూస్తున్నాడు. పట్టీ పచ్చగీతను తాకబోయినప్పుడల్లా ఫేడరును వెంట్రుకవాసి కిందికి లాగుతున్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకున్నప్పుడు మళ్లీ అంతే పైకి తోస్తున్నాడు. చేతులు అంత నెమ్మదిగా ఉన్నా బల్ల కింద కుడికాలు మాత్రం ఒకటే ఊగుతోంది. ఆ కాలు ఆగితే ఆయనకు జ్వరం వచ్చిందని అర్థమని ఆఫీసులో అనుకుంటారు.

చానల్‌కు లైసెన్సు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం పెట్టిన షరతుల్లో శబ్దం సంగతి ఒకటి. సీరియల్ ఎంత చప్పుడుతో వస్తుందో, మధ్యలో వచ్చే ప్రకటన కూడా అంతే చప్పుడుతో రావాలి. ఇంట్లో వాళ్లు ఉలిక్కిపడేలా అరవకూడదు. ఆ హద్దే పచ్చగీత. ప్రకటనలు తయారుచేసే ఏజెన్సీల వాళ్లకేమో తమ సరుకు పేరు వీధి చివరిదాకా వినపడాలని ఉంటుంది. వాళ్లు పంపిన ప్రతి ప్రకటననూ గీత కిందికి దించి, ప్రసారం గదికి అందించడం ఈయన పని. ఉపగ్రహానికి ఏది వెళ్లినా ముందు ఆయన చేతుల మీదుగానే వెళ్లాలి.

ఆయనకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో చేరాడు. సభలకూ ఊరేగింపులకూ స్తంభాలెక్కి హారన్లు కట్టాడు. హారను సరిగ్గా పలుకుతోందో లేదో దాని మూతి దగ్గర నిలబడి వినేవాడు. కాలిపోయిన ఆంప్లిఫయర్లు విప్పి, ఏ ముక్క ఏం చేస్తుందో ఒకటొకటిగా తెలుసుకున్నాడు. చానల్ పెట్టిన కొత్తలో ఇక్కడి సౌండు మిక్సరు పాడైతే బాగుచేయడానికి వచ్చి, అలాగే కుర్చీలో ఉండిపోయాడు. ఎవరైనా శబ్దం గురించి ఉపన్యాసం మొదలుపెడితే, "మీటరు ఏమంటోంది?" అని అడిగేవాడు. అలా మీటరాయన అయ్యాడు.

సబ్బుపొడి ప్రకటన గీత కిందికి వచ్చింది. కానీ దించాక చప్పబడింది. ఎప్పుడూ అంతే. దించిన శబ్దం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. ఆయన సన్నటి స్వరాలను పెంచే ట్రెబుల్ నాబు పట్టుకుని కాస్త తిప్పాడు. ఆవిడ గొంతుకు అంచు వచ్చింది. దీన్ని ఆయన మెరుపు పెట్టడం అంటాడు. గీత దాటకుండా మెరుపు పెట్టడంలోనే తన పనితనమంతా ఉందని ఆయన నమ్మకం.

అప్పుడే తలుపు తెరుచుకుంది. మేనేజరు, ఆయన వెనక చేతిలో సొంత హెడ్‌ఫోన్లతో ఒకావిడ లోపలికి వచ్చారు. చానళ్లను తనిఖీ చేసే ప్రభుత్వ కంట్రోల్ ఆఫీసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు.

"సౌండు చూసేది మీరేనాండీ?"

"నేనేనండి."

"మొన్న వేసిన ప్రకటనల బ్రేకులు ఒకసారి వినిపించండి."

వినిపించాడు. ఇన్‌స్పెక్టరు పట్టీ చూస్తూ విన్నది. గీత ఒక్కచోట కూడా దాటలేదు. కానీ ఆవిడ ఒక కన్ను మాటిమాటికీ మూసుకుపోవడం మీటరాయన చూశాడు. కంట్లో నలక పడిందేమో అనుకున్నాడు.

"మీటరు ప్రకారం తప్పు లేదు," అంది హెడ్‌ఫోన్లు తీసి. మేనేజరు మొహం విప్పారింది. "అయినా ఫిర్యాదు ఫోన్లన్నీ మీ చానల్ మీదే వస్తున్నాయండీ. గీత దాటే చానళ్లున్నాయి, వాళ్ల మీద కూడా ఇన్ని రావు. మీ ప్రకటనలు వస్తే చెవిలో సూది గుచ్చినట్టుందట."

"గీత దాటలేదు కదండీ," అన్నాడు మీటరాయన.

"నియమంలో రెండు వాక్యాలున్నాయి. మొదటిది గీత గురించి. రెండోది, వినేవాళ్లకు బాధ కలగకూడదని. దానికి మీటరు లేదండీ. మేము కూర్చుని వినడమే." ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. "రేపు సాయంత్రం ఆరు గంటల వార్తల మధ్య బ్రేకు మా ఆఫీసులో వింటాను. బాగుంటే ఇంతటితో సరి. ఇలాగే ఉంటే ప్రకటనలు ఆపమని రాయాల్సి వస్తుంది."

ఆవిడ వెళ్లాక మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్రకటనలు ఆగితే చానల్ ఉండదు, ఎవరి జీతాలూ ఉండవు. అయినా ధీమాగానే ఉన్నాడు. "బాధట, సూదట. ఆవిడ చెవి చెప్పిందే చట్టమా? రేపు కూడా ఇవే వేద్దాం. ఆపమని రాసిందనుకో, పై ఆఫీసుకు వెళ్దాం. నువ్వొచ్చి మీటరు చూపించు. చాలు."

"అలాగే సార్," అన్నాడు. ఆ మాట అన్నాక కూర్చోలేకపోయాడు. లేచి అక్కర్లేని తీగలు చుట్టాడు, చుట్టినవి విప్పాడు. ఇంటికి నడిచి వెళుతూ దారిపొడుగునా దుకాణాల ముందు ఆగాడు. చెప్పుల షాపు టీవీలో, మందుల షాపు టీవీలో ప్రకటనలు విన్నాడు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. మామూలుగా ఉండటమే ఆయనను మరీ కుదురుగా ఉండనివ్వలేదు.

ఇంట్లో అత్తగారు సోఫాలో తన చోట కూర్చుని ఉన్నారు. రిమోట్ ఒళ్లో ఉంది. ఆ ఇంట్లో రిమోట్ ఆవిడది. అల్లుడు వార్తలు చూడాలన్నా అడిగి పుచ్చుకోవాలి. సీరియల్ ఆగి ప్రకటనలు మొదలవగానే ఆవిడ బొటనవేలు మ్యూట్ మీద పడింది. రోజూ జరిగేదే. తనను ఉడికించడానికి చేస్తున్నారని ఆయన ఇన్నాళ్లూ ఓర్చుకున్నాడు.

ఈసారి మాత్రం, "అత్తయ్యగారూ, ఒకసారి ఇవ్వండి," అని రిమోట్ తీసుకున్నాడు. మ్యూట్ తీసి, పక్క చానల్ పెట్టి, రిమోట్ తిరిగి ఆవిడ ఒళ్లో పెట్టాడు. అక్కడా ప్రకటనలే. ఒకడు రంగు డబ్బాల మీద నిలబడి అరుస్తున్నాడు. గీత ఎప్పుడో దాటేశాడని మీటరు లేకుండానే చెప్పగలడు. ఆవిడ బొటనవేలు కదల్లేదు. రిమోట్ మళ్లీ తీసుకుని తన చానల్ పెట్టి ఆవిడకిచ్చాడు. సబ్బుపొడి ఆవిడ నోరు తెరిచిందో లేదో, టక్కున మ్యూట్.

"మా చానల్ అంటే మీకెందుకండీ అంత కోపం?"

"కోపమేంటి బాబూ, మీకు జీతమొచ్చేది అక్కణ్ణుంచేగా."

"మరి?"

"ఆ సౌండు చెవిలో దూరి పన్ను దాకా లాగుతుంది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ?"

"అల్లుడి పని బాగాలేదని అత్త అంటే ఏం బాగుంటుంది? నొక్కేస్తే గొడవే లేదుగా."

ఆయన భార్య కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఆ పూట తెచ్చుకున్న అద్దాల ఫ్రేములు తుడుస్తూ ఈ మాటలన్నీ వింటోంది. "మా షాపుకు వచ్చేవాళ్లలో సగంమంది, పేపరువాళ్లు అక్షరాలు సరిగ్గా అచ్చెయ్యలేదనే అంటారు," అంది.

"అద్దాల గురించి నాకెందుకిప్పుడు?"

"ఊరికే అన్నానండీ."

ఊరికే అన్న మాట ఆయన పక్కలోకి కూడా వచ్చింది. ఇటు దొర్లినా అటు దొర్లినా అదే.

తెల్లవారాక అందరికంటే ముందు ఆఫీసుకు చేరాడు. చెవి మీద అనుమానం రాలేదు. స్పీకర్ల మీద వచ్చింది. అవి పాడై తనకు ఒకటి వినిపిస్తూ జనానికి ఇంకొకటి పంపుతున్నాయేమో. స్పీకరును పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. బొంగురు శబ్దంతో మొదలై, సన్నబడుతూ సన్నబడుతూ ఈలగా మారి, ఇంకా సన్నబడి పోయే ఒక స్వరాన్ని దాని గుండా పంపాలి. ఎక్కడ తెగితే అక్కడ రోగం ఉన్నట్టు.

స్వరం పెట్టాడు. బొంగురుగా మొదలైంది, ఎక్కింది, ఈలైంది. తర్వాత తెగిపోయింది. ఇంకా చాలా దూరం ఎక్కాల్సింది మధ్యలోనే ఆగిపోయింది.

"దొరికావు," అనుకున్నాడు. గుండె తేలికపడింది. స్పీకరు వెనక తీగ లాగి, కొసను చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టాడు. స్వరాన్ని తెగిన చోట నిలబెట్టి చూశాడు. నిశ్శబ్దం. తీగ మార్చాడు. నిశ్శబ్దమే. ఫేడరు పైకి తోశాడు. ఇంకా తోశాడు. మోకాళ్ల మీద కూర్చుని స్పీకరు మూతికి చెవి ఆనించాడు, వెనకటికి హారన్లకు ఆనించినట్టే.

తలుపు దబ్బున తెరుచుకుంది. ప్రసారం గదిలో పనిచేసే అమ్మాయి తలుపును భుజంతో తోసుకుని వచ్చింది, ఎందుకంటే ఆమె రెండు చేతులూ చెవుల మీద ఉన్నాయి. వెనకాల ఊడ్చే ఆవిడ, ఆ వెనక గేటు దగ్గరుండే వాచ్‌మన్.

"ఆపండి సార్, ఏంటి సార్ ఆ ఈల, తల పగిలిపోతోంది."

"ఏ ఈల?" అన్నాడు.

అమ్మాయి ఆయన మొహం చూసింది. ఆయన చెవి ఇంకా స్పీకరుకు ఆనుకునే ఉంది. ఆయన తల తిప్పి పట్టీ చూశాడు. పట్టీ పచ్చగీతను దాటి, పసుపును దాటి, ఎర్రటి కొసన నిలబడి ఉంది. మీటరు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

ఫేడరు దించాడు. అందరి చేతులూ చెవుల మీద నుంచి దిగాయి. ఆయనకు మాత్రం ఏ తేడా తెలియలేదు.

"స్పీకరు పరీక్షిస్తున్నానమ్మా," అన్నాడు చివరికి. "స్పీకరు బాగానే ఉంది."

వాళ్లు వెళ్లిపోయాక గదిలో అటూ ఇటూ తిరిగాడు. నాలుగడుగుల గది, తిరగడానికి కూడా చాలదు. ఒక్కొక్కటే అర్థమైంది. హారన్ల మూతుల దగ్గర గడిపిన కాలం, ఆ తర్వాత హెడ్‌ఫోన్లలో గడిపిన కాలం, చెవిలో సన్నటి స్వరాలు పట్టే శక్తిని కొంచెం కొంచెంగా కొరుక్కుతిన్నాయి. చప్పబడింది శబ్దం కాదు. తనకు మెరుపు చాలినంత తిప్పినప్పుడల్లా, జనం చెవుల్లోకి సూది ఇంకాస్త దిగింది. ఏడాదికేడాది ఇంకాస్త.

మేనేజరు చెప్పినట్టు చేయడం సులువు. మీటరు పట్టుకెళ్లి చూపిస్తే చాలు, తన చెవుల సంగతి ఎవరికీ తెలియదు. చేయి ఫేడరు మీదికి వెళ్లింది, వెనక్కి వచ్చింది. చెడిపోయిన పనిని చెడలేదని చెప్పడానికి ఆయన ఎన్నడూ ఎక్కడికీ వెళ్లలేదు. ఆరు గంటల బ్రేకు మొత్తం మళ్లీ చేయాలి. చేయడానికి చేతులున్నాయి. చెవులే కావాలి. ప్రసారం గది అమ్మాయి ఒక్క నిమిషమైతే వచ్చింది గానీ, పూటంతా బల్ల వదిలి ఉండలేదు. ఆమె వదిలితే చానల్ ఆగిపోతుంది.

ఇంటికి ఫోన్ చేశాడు.

"నేనెందుకు బాబూ, ఆ మిషన్ల గురించి నాకేం తెలుసు?" అన్నారు అత్తగారు.

"మిషన్ల సంగతి నేను చూసుకుంటానండీ. మీరు వినాలి, అంతే."

"విని?"

"ఎక్కడ మ్యూట్ నొక్కబుద్ధేస్తే అక్కడ నొక్కండి."

ఆవిడ ఆటోలో దిగారు. ఒక చేతిలో మంచినీళ్ల సీసా, ఒక చేతిలో ఇంట్లోని రిమోట్.

"ఇదెందుకండీ?"

"నొక్కమన్నారుగా."

ఆ రిమోట్‌కూ ఈ మిషన్లకూ సంబంధం లేదని చెప్పబోయి ఊరుకున్నాడు. సంబంధం లేకపోతేనేం, బొటనవేలు ఆవిడదే కదా.

కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టి తను పక్కన నిలబడ్డాడు. ఏజెన్సీలు పంపిన అసలు ప్రకటనలను ఆయన ఎప్పుడూ పారేయడు. ముందు సబ్బుపొడి అసలుది పెట్టాడు. గీత దాటి మోగింది. అత్తగారు మొహం చిట్లించారు గానీ బొటనవేలు కదల్లేదు.

"నొక్కరేంటండీ?"

"గట్టిగా ఉంది. అంతేగా."

తను దించి, మెరుపు పెట్టింది వేశాడు. బొటనవేలు పడింది. ఇంకొక ప్రకటన వేశాడు. అసలుదానికి లేదు, తనదానికి పడింది. నిలబడి కూడా ఊపుతున్న ఆయన కాలు ఆగిపోయింది. దాన్ని చూసి అత్తగారే, "ఒంట్లో బాగానే ఉందా బాబూ?" అన్నారు.

పని మొదలుపెట్టాడు. ప్రతి ప్రకటననూ గీత కిందికి దించడం, నాబును వెనక్కి తిప్పుకుంటూ రావడం, ఆవిడ బొటనవేలు రిమోట్ మీద నుంచి లేచేదాకా తిప్పడం. ఇన్నేళ్లూ పట్టీని చూసిన కళ్లతో ఇప్పుడు ఆ వేలిని చూశాడు. చేతికి పని కష్టం కాలేదు. వినడమే కష్టమైంది. ఆవిడ బాగుందన్న ప్రతిదీ ఆయన చెవికి గోనెసంచిలోంచి వచ్చినట్టు ఉంది. వేళ్లు వాటంతటవే నాబు వైపు పోతున్నాయి. ఒకసారి తెలియకుండానే తిప్పేశాడు కూడా.

"మళ్లీ లాగుతోంది," అన్నారు ఆవిడ.

వెనక్కి తిప్పాడు. నాబు వైపు పోతున్న ఎడమచేతిని జేబులో పెట్టుకున్నాడు.

సగం పని అయ్యేసరికి మేనేజరు తలుపు తీశాడు. సౌండు కుర్చీలో రిమోట్ పట్టుకున్న పెద్దావిడను చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరీవిడ?"

"మా అత్తగారు సార్."

"ఇక్కడేం చేస్తున్నారు?"

"వింటున్నారు సార్."

మీటరాయన బయటికి వచ్చి, వసారాలో నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. మేనేజరు గది తలుపు దగ్గరగా వేశాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"అత్తగారికి చెప్పాను సార్."

"అయితే ఊరంతా తెలిసినట్టే." మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. "నోరు మూసుకుని మీటరు చూపిస్తే పోయేది కదయ్యా. చెవులు వినపడనివాణ్ణి సౌండు మీద కూర్చోబెట్టానని తెలిస్తే నన్నేమంటారు? రేపు ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి?"

"తెలీదు సార్. ఈ బ్రేకు మాత్రం నేనే చేసిస్తాను."

"ఆరు దాటాక మాట్లాడదాం," అని మేనేజరు వెళ్లిపోయాడు. వద్దనలేదు.

మిగిలిన ప్రకటనలు త్వరగానే అయ్యాయి. మరీ త్వరగా అయ్యాయని ఆయనకు అనుమానం వచ్చింది. ఏది వేసినా అత్తగారి వేలు మ్యూట్ మీద పడటం లేదు. కావాలని మెరుపు తిప్పి చూశాడు. కదల్లేదు.

"ఇది లాగట్లేదాండీ?"

"ఏమో బాబూ, విని విని అలవాటైపోయింది. ఇప్పుడన్నీ ఒకేలా ఉన్నాయి."

తనకూ ఇంతే జరిగి ఉంటుంది, కాకపోతే మెల్లగా. "లేవండి, లేచి బయట తిరిగి రండి. ఎవరితోనూ మాట్లాడకండి," అన్నాడు. అది ఆవిడకు మాటలు కాదు. అయినా గేటు దాకా వెళ్లి, చెట్టు కింద కూర్చుని, వాచ్‌మన్ అడిగినవాటికి తల మాత్రం ఊపి వచ్చారు. ఈలోగా ఆయన గదిలో నిలబడలేక మెట్లు ఎక్కాడు, దిగాడు. ఆవిడ తిరిగొచ్చి కూర్చోగానే అదే ప్రకటన వేశాడు. వేలు టక్కున పడింది. ఆ చివరివన్నీ మళ్లీ చేశాడు.

అన్నీ వరసగా కూర్చి, చివరగా మీటరులో చూశాడు. పచ్చగీతకు కిందే ఉన్నాయి. పెన్‌డ్రైవులోకి ఎక్కించి ప్రసారం గదికి తీసుకువెళ్లాడు. గోడ నిండా తెరలు, వాటి ముందు ఆ అమ్మాయి. ఐదు గంటల కార్యక్రమం నడుస్తోంది.

"ఆరింటి బ్రేకమ్మా."

"మీటరు చూశారా సార్?"

"చూశాను. నువ్వు విను."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అనలేదు. హెడ్‌ఫోన్లు వెతుక్కుంటుంటే, మెడలో వేలాడుతున్న తన హెడ్‌ఫోన్లు తీసి ఇచ్చాడు. ఆమె పెట్టుకుని మొదటినుంచి విన్నది. ఆయన తెరల వైపు చూడలేదు. ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు; కన్ను మూస్తుందా, దవడ బిగుస్తుందా అని. సబ్బుపొడి వచ్చింది, పోయింది. ఆఖరిది అయిపోయింది.

"బాగుంది సార్," అంది హెడ్‌ఫోన్లను ఒక చెవి మీద నుంచి తప్పించి. "మెత్తగా ఉంది."

"నాకలా లేదమ్మా. అందుకే నీకిచ్చాను." ఆమె హెడ్‌ఫోన్లు తిరిగివ్వబోతే పుచ్చుకోలేదు. "ఉండనీ. ఆ కుర్చీలో ఎవరున్నా, అక్కణ్ణుంచి ఏది వచ్చినా నువ్వు వినకుండా పైకి పంపకు."

వెనక గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అయిపోయిందా బాబూ? ఇంట్లో రిమోట్ లేక మా అమ్మాయి టీవీ ముందు నిలబడి ఉందట, ఫోన్ చేసింది."

"అయిపోతోందండీ."

అమ్మాయి ఫైలును ఆరు గంటల వరసలోకి లాగి, మీట నొక్కి ఖాయం చేసింది. డ్రైవు ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది.